బకెట్లో ఒంటరిగా ఉన్న నత్త గుడ్లెలా పెట్టింది?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. పోయిన వానాకాలంలో పెరట్లో మూడు అంగుళాలు దాటిన నత్తలన్నిటినీ ఏరి పారేశారు, చిన్నవాటివల్ల ఏమవుతుందిలే అని వదిలేశారు, ఈ ఏడు తొలకరి పడగానే అంతకు రెండింతలు బయటికొచ్చాయి. వాటిలో మధ్యరకం సైజుది ఒకటి మీ అబ్బాయి బకెట్లో మట్టి పోసి పెంచుకుంటుంటే, తోడుకి ఇంకో నత్త లేకుండానే రెండు నెలలకి గుడ్లు పెట్టింది. అది ఆడదా, మగది లేకుండా ఎలా పెట్టింది, అసలు ఏ సైజు నుంచి గుడ్లు పెడతాయి, ఇదీ మీ సందేహం.

పొట్టిగా చెప్పాలంటే, ఆ నత్త ఆడా మగా రెండూను. మీ బకెట్లోకి రాకముందే ఎక్కడో గోడ పక్కన ఇంకో నత్తతో జతకట్టి, అవతలి దాని బీజాన్ని లోపల దాచుకుని వచ్చింది. సైజు చూసి గుడ్లు పెట్టేదో కాదో చెప్పలేం, గుల్ల నోటి అంచు చూస్తే చాలావరకు చెప్పొచ్చు. మీరు చిన్నవని వదిలేసిన వాటిలోంచే ఈ ఏటి మంద పుట్టుకొచ్చింది. ఇక పొడుగ్గా చెప్తాను, ఓపికుంటే చదవండి. ఇరవై ఎనిమిదేళ్ళు జువాలజీ పాఠాలు చెప్పినవాణ్ణి, పైగా మా దొడ్లోనూ ఇదే పీడ, కాబట్టి కాస్త ఎక్కువే మాట్లాడతాను.

ముందు మీ ఫొటోలో ఉన్నది ఏ నత్తో తేల్చుకుందాం. పొడవాటి శంఖంలాంటి గుల్ల, గోధుమరంగు మీద ముదురు చారలు, పట్టుకుంటే చెయ్యంతా జిగురు. అది ఆఫ్రికా నత్త, శాస్త్రీయ నామం లిస్సాకటీనా ఫులికా, పాత పుస్తకాల్లో అకటీనా ఫులికా అని ఉంటుంది. మన చెరువుల్లో, వరిచేలల్లో దొరికే, గోదావరి జిల్లాల్లో కూర వండుకునే నత్త వేరు. దాని పేరు పైలా, ఇంటర్లో జువాలజీ చదివినవాళ్ళందరికీ పరిచయమే. పైలాకి గుల్ల నోటికి గట్టి మూత ఉంటుంది, వాటిలో ఆడవి వేరు, మగవి వేరు. నా దగ్గరికొచ్చి 'నత్తల్లో మగది ఎలా ఉంటుంది సార్' అని అడిగేవాళ్ళంతా ఈ పైలా పాఠం గుర్తుంచుకుని అడిగేవాళ్ళే. నేల మీద తిరిగే ఊపిరితిత్తి నత్తలకి ఆ లెక్క పనికిరాదు. వాటికి పుట్టుకతో వచ్చిన మూత ఉండదు, ఆడా మగా విడివిడిగా ఉండవు, ప్రతిదీ ఉభయలింగే.

ఇది మన దేశంది కూడా కాదు. తూర్పు ఆఫ్రికా తీరంలో పుట్టి మారిషస్ దాకా చేరింది. అక్కడి నుంచి 1847లో బెన్సన్ అనే గుల్లల శాస్త్రవేత్త కొన్నిటిని తెచ్చి కలకత్తా చౌరంగీలో ఒక తోటలో వదిలిపెట్టాడు. తెలియక జరిగిన పొరపాటేం కాదు, నత్తల గురించి బాగా తెలిసినవాడే చేసిన పని. ఇవాళ మన పెరళ్ళలో బొప్పాయి మొక్కలు రాత్రికి రాత్రి మోడులవుతున్నాయంటే ఆ వరస అక్కడ మొదలైందే.

సరే, గుడ్డు దగ్గర నుంచి వద్దాం. మీరు కొబ్బరి మట్టల కింద చూశామన్న 'పసుపు పూసలు' గుడ్లే. నానబెట్టని లావు సగ్గుబియ్యం గుర్తు తెచ్చుకోండి, దానికి కాస్త మీగడ రంగు కలపండి. ఒక్కోటి అటూ ఇటూగా ఐదు మిల్లీమీటర్లు. తల్లి నత్త మెత్తటి తడిమట్టిలో ఒకటి రెండు అంగుళాల లోతున గుంట చేసుకుని, లేకపోతే కుళ్ళిన ఆకుల కింద, కుప్పగా పెడుతుంది. ఒక కుప్పలో వంద నుంచి నాలుగు వందల దాకా ఉండొచ్చు, కొత్తగా గుడ్లు మొదలుపెట్టిన తల్లి అయితే అంతకన్నా తక్కువే పెడుతుంది. వేడి, తడి రెండూ సరిగ్గా కుదిరితే వారం పదిరోజుల్లోనే పిల్లలవుతాయి, చలిగా ఉంటే రెండు మూడు వారాలు పడుతుంది. పదిహేను డిగ్రీల కన్నా చల్లబడితే గుడ్డు ముందుకి సాగదు, కోస్తాలో మనకి అంత చలి ఎక్కడిది, కాబట్టి చలిని నమ్ముకోవద్దు.

గుడ్డు పెంకులో సున్నం ఉంటుందని గుర్తుపెట్టుకోండి, ఇది ముందు ముందు పనికొస్తుంది. బయటికొచ్చిన పిల్ల మొదట చేసే పని తన పెంకు తాను తినడం. పక్కన పొదగని గుడ్లు మిగిలితే వాటినీ తినేస్తుంది. పుట్టిన పిల్లకి నాలుగు మిల్లీమీటర్ల పల్చటి గుల్ల ఉంటుంది, వెలుగుకి పట్టి చూస్తే లోపల ఒళ్ళు కనపడుతుంది. ఆ గుల్ల గట్టిపడాలంటే సున్నం కావాలి, అది పుట్టింట్లోనే దొరికిందన్నమాట. తర్వాత వారం, రెండు వారాలు మట్టిలోనే ఉండిపోతాయి. అందుకే మీకు గుడ్లు కనపడతాయి, పెద్ద నత్తలు కనపడతాయి, మధ్యలో పిల్లలు ఎక్కడికి పోయాయో తెలియదు. అవి మీ కాళ్ళ కిందే ఉన్నాయి.

పిల్లదశలో లింగం సంగతి ఏమీ ఉండదు. గుల్ల కొన చుట్లలో, ముదురు గోధుమరంగు జీర్ణగ్రంథిలో కూరుకుపోయినట్టు ఒక చిన్న తెల్లటి ముద్ద ఉంటుంది. దాన్ని అండవృషణం అంటాం, పేరులోనే ఉంది, ఒకే ముద్దలో రెండు పనులు. పిల్ల నత్తలో అది ఉందో లేదో అన్నట్టుంటుంది, అందులో కణాలు ఇంకా ఎటూ తేలకుండా ఉంటాయి. ఈ దశలో నత్తకి ఒకటే ధ్యాస, తినడం, గుల్ల పెంచుకోవడం. మీ గోడల మీద సున్నం గీరినట్టు మచ్చలు ఉన్నాయన్నారు కదా, గోడ పాడైందని మేస్త్రీని పిలవకండి, అవి నత్తలే గీకాయి. పాత సున్నపు గోడలున్న ఇళ్ళ చుట్టూ ఇవి ఎక్కువ ఉండటానికి అదొక కారణం. సిమెంటు కూడా గీకుతాయి. సున్నం లేనిదే గుల్లా లేదు, రేపు గుడ్డు పెంకూ లేదు.

ఇప్పుడు అసలు విషయం. మనం చిన్నది, పెద్దది అని రెండే రకాలు చేసి మాట్లాడుకుంటాం. నత్త జీవితంలో మధ్యలో ఇంకో దశ ఉంది, అందరూ దెబ్బ తినేది అక్కడే. మంచి మేత, తడి ఉంటే ఐదారు నెలలకి, సరిగ్గా లేకపోతే ఏడాదికో ఆ పైనో నత్త ఈడుకొస్తుంది. వచ్చినప్పుడు రెండు లింగాలూ ఒకేసారి పని మొదలుపెట్టవు. ముందు మగ వైపు తెరుచుకుంటుంది. అండవృషణంలో శుక్రకణాలు తయారై కిందికి దిగే గొట్టంలో నిండుతాయి, పురుషాంగం పనిచేస్తుంది, అండాలు మాత్రం ఇంకా పండవు. గుల్ల కూడా ఇంకా పెరుగుతూనే ఉంటుంది. కుర్ర నత్త అనుకోండి. కొన్ని నెలలకి గుల్ల పెరుగుదల ఆగిపోతుంది, అప్పుడు ఆడ వైపు కూడా పండుతుంది, అక్కడి నుంచి అది శుక్రకణాలూ ఇస్తుంది, గుడ్లూ పెడుతుంది. అది ముదురు నత్త. మగతనం పోయి ఆడతనం రావడం ఇందులో లేదు, చాలామంది అలా పొరబడతారు. కొన్ని చేపలు అలా మారతాయి, నత్త అలా మారదు. ఉన్నదానికి ఇంకోటి తోడవుతుంది, అంతే.

జపాన్‌కి చెందిన ఒగసవారా దీవుల్లో చిచిజిమా అనే చోట తొమియామా అనే శాస్త్రవేత్త ఇదే నత్తల మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఈ కుర్ర, ముదురు తేడాని బయటి నుంచే కనిపెట్టడానికి ఆయన పట్టుకున్న గుర్తు గుల్ల నోటి అంచు మందం. పెరుగుతున్న గుల్లకి అంచు పల్చగా ఉంటుంది, ఎందుకంటే రోజూ కొత్త పొర అక్కడే చేరుతుంది. పెరగడం ఆగాక ఆ సున్నమంతా అంచులోనే పేరుకుని మందమవుతుంది. అర మిల్లీమీటరు కన్నా పల్చగా ఉంటే కుర్రది, బాగా మందమెక్కితే ముదురుది, ఇదీ ఆయన లెక్క. మనకి కొలిచే పరికరం అక్కర్లేదు. గ్లవ్స్ వేసుకుని బొటనవేలితో అంచు తడమండి. అప్పడం అంచులా పల్చగా, నొక్కితే విరిగేలా ఉంటే కుర్రది. పింగాణీ కప్పు అంచులా మొద్దుగా, గుండ్రంగా తగిలితే అది గుడ్ల యంత్రం.

మీ మూడంగుళాల లెక్క ఎందుకు తప్పిందో ఇప్పుడు తెలుస్తుంది. మేత తక్కువై, కిక్కిరిసి పెరిగిన నత్తలు రెండంగుళాలకే ఆగిపోయి అంచు మందం చేసుకుంటాయి, అవి గుడ్లు పెట్టేవే, మీరు చిన్నవని వదిలేశారు. ఇటు చూస్తే బొప్పాయి పాదులో మెక్కి పెరిగినది మూడున్నర అంగుళాలున్నా అంచు పల్చగానే ఉండొచ్చు, అది ఇంకా కుర్రది. ఒకప్పుడు నేను కూడా ప్రాక్టికల్స్‌కి పిల్లలు తెచ్చిన వాటిలో పెద్దది ఏరి కోసి, 'ఇదిగో చూడండి అల్బుమిన్ గ్రంథి' అని చూపించబోతే సన్నటి పీలికలాంటిది తప్ప ఏమీ కనపడక బిక్కమొహం వేశాను. పక్కబల్ల మీద ఒక అమ్మాయి కోసిన బుడ్డ నత్తలో అదే గ్రంథి పాలకోవా ముక్కలా ఉబ్బి ఉంది. ఆ అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. అప్పటి నుంచి అంచు తడమకుండా ఏ నత్తనీ కొయ్యలేదు.

ఆ అల్బుమిన్ గ్రంథి సంగతి ఒక్క మాట. కోడిగుడ్డులో తెల్లసొన ఉన్నట్టే నత్త గుడ్డులోనూ పిండానికి ఆహారంగా ఒక సొన ఉంటుంది, దాన్ని తయారుచేసేది ఈ గ్రంథి. కుర్ర నత్తలో చిన్నగా ఉంటుంది, గుడ్లు పెట్టే ముందు విపరీతంగా ఉబ్బుతుంది, పెట్టేశాక గాలి తీసిన బెలూన్‌లా ముడుచుకుపోతుంది. మళ్ళీ నింపుకోవాలంటే మేత కావాలి, అందుకే గుడ్లు పెట్టిన నత్త ఆకలి మీద ఉంటుంది. మెదడు మీద ఉండే డార్సల్ బాడీలు అనే చిన్న ముద్దల నుంచి వచ్చే హార్మోను అండాల్నీ ఈ గ్రంథినీ పండిస్తుంది. మగ వైపు ముందు, ఆడ వైపు తర్వాత ఎందుకంటే నాకు సబబుగా తోచేది ఇది: శుక్రకణం చేయడం చవక, నాలుగు వందల గుడ్లకి సొన, సున్నం సమకూర్చడం ఖరీదు. గుల్ల కట్టుకునే పని అయ్యేదాకా ఆ ఖర్చు పెట్టుకోదు. మనవాళ్ళు ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారే, నత్త రెండూ ఒకేసారి నెత్తిన వేసుకోదు.

జతకట్టడం గురించి అబ్బాయి అడిగాడన్నారు, సిగ్గుపడాల్సిందేమీ లేదు, చెప్పండి. జననరంధ్రం తలకి కుడిపక్కన, కన్ను ఉండే పెద్ద కొమ్ముకి కాస్త వెనక ఉంటుంది. ఒకటి ఇంకోదాని గుల్ల మీదికి ఎక్కి, తల ఊపి, అవతలిది ఒప్పుకుంటే రెండూ కుడిపక్కలు కలిసేలా సర్దుకుంటాయి. అక్కడి నుంచి గంటల తరబడి అలాగే, ఆరేడు గంటలు మామూలు. రాత్రి మొదలైతే తెల్లవారి మీరు చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్ళేసరికి ఇంకా అతుక్కునే ఉంటాయి. మామూలుగా రెండూ ఇస్తాయి, రెండూ పుచ్చుకుంటాయి. కుర్ర నత్త కూడా పుచ్చుకుంటుంది. తనలో అండం ఒక్కటి కూడా పండకముందే అవతలి బీజం లోపలికి చేరిపోతుంది.

చేరిందంతా నిలవదు. ఎక్కువ భాగాన్ని ఒక సంచిలో వేసి అరిగించేసుకుంటుంది, అవును, తిన్నట్టే లెక్క. మిగిలిన కొంచెం పైకి పాకి, అల్బుమిన్ గ్రంథి మొదట్లో ఉండే సన్నటి గొట్టాల్లోకి చేరి అక్కడ బతికుంటుంది. ఎన్నాళ్ళు? శాస్త్రవేత్తలు చూసి చెప్పిన లెక్క ప్రకారం ఏడాది పైనే. మీ అబ్బాయి బకెట్ నత్త రెండు నెలలకి గుడ్లు పెట్టిందంటే ఆశ్చర్యం ఏముంది. పోయిన హస్త చిత్త కార్తెల్లో జతకట్టిన కుర్ర నత్త ఎండాకాలమంతా నిద్రపోయి, లేచి, అంచు మందం చేసుకుని, అండాలు పండించుకుని, దాచుకున్న బీజంతో వాటిని ఫలదీకరించుకుంది. తనతో తానే ఫలదీకరించుకోవడం ఈ నత్తలో మామూలు దారి కాదు. జత ఎప్పుడో ఒకసారి కావాలి, కాకపోతే ఆ ఒక్కసారి చాలు.

ఇది ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1966లో హవాయి నుంచి వస్తూ ఒక పిల్లాడు మూడు నత్తల్ని జేబులో వేసుకుని అమెరికాలోని మయామీకి తెచ్చాడు, వాళ్ళ నానమ్మో అమ్మమ్మో వాటిని తోటలో వదిలేసింది. ఏడేళ్ళలో పద్దెనిమిది వేల పైన దొరికాయి, గుడ్లు అదనం. నిర్మూలించామని చెప్పడానికి 1975 దాకా పట్టింది, పది లక్షల డాలర్ల పైన ఖర్చు. మళ్ళీ 2011లో అదే ప్రాంతంలో బయటపడ్డాయి. ఈసారి చివరి బతికున్న నత్త 2017లో దొరికితే, పోయాయని ప్రకటించింది 2021లో. మధ్యలో నాలుగేళ్ళు ఎదురుచూశారు. మట్టిలో గుడ్లు, ఒంట్లో దాచిన బీజం, గోడ సందులో నిద్ర, ఈ మూడూ తెలిసినవాళ్ళు కాబట్టి అంత ఆగారు. ఇంత చేసినా 2022లో అదే రాష్ట్రంలో ఇంకో కౌంటీలో కనపడ్డాయి, అది వేరే కథ.

ముదురు దశలో లెక్కలు ఇలా ఉంటాయి. జతకట్టిన వారం నుంచి మూడు వారాల్లో మొదటి కుప్ప. గుడ్లు పెట్టడం మొదలైన తొలి ఏడాది వంద దాకా, రెండో ఏడాది ఐదు వందల దాకా, తర్వాత తగ్గుతూ వస్తుందని ఒక లెక్క. అన్నీ బాగా కుదిరితే ఏడాదికి 1200 అని అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క. ఈ రెండు లెక్కలకీ తేడా ఎందుకంటే నత్త గడియారం చూసి గుడ్లు పెట్టదు, తడి చూసి పెడుతుంది. వాన ఎడతెగని చోట ఏడాదంతా పెడుతుంది, మన దగ్గర నాలుగైదు నెలలే. బతికేది ఐదారేళ్ళు, బాగా సాగితే తొమ్మిది దాకా. ముసలిదై గుడ్లు తగ్గినా శుక్రకణాలు ఇవ్వడం మానదు, కాబట్టి 'ఇది ముసలిది, వదిలేద్దాం' అనే దయ అక్కర్లేదు.

అన్ని నేల నత్తలూ ఇంతే అనుకోకండి. మన దేశవాళీవి, ఆ చిన్న చదునైన గుల్లల లేత గోధుమరంగువి, తోటలో ఉంటాయే, వాటి గుడ్లు తక్కువ, వాటితో మీకు పేచీ లేదు, చంపకండి. యూరప్ తోట నత్తలు జతకట్టే ముందు సున్నంతో చేసిన ముల్లు ఒకటి అవతలి దాని ఒంట్లో గుచ్చుతాయి. మన్మథబాణం అన్నా తప్పులేదు. ఆ ముల్లుకి అంటిన జిగురువల్ల అవతలిది అరిగించేసే శుక్రకణాలు తగ్గి ఎక్కువ బతుకుతాయని తేల్చారు. ఆఫ్రికా నత్తకి ఆ బాణం లేదు. అదే యూరప్ జాతిలో ఎడమకి చుట్టు తిరిగినది ఒకటి 2016లో ఇంగ్లండ్‌లో దొరికితే జెరెమీ అని పేరు పెట్టారు. దాని జననరంధ్రం ఎడమపక్కన ఉండటంతో మామూలు నత్తలతో జత కుదరలేదు, పేపర్లో ప్రకటన ఇచ్చినట్టు దేశదేశాల్లో ఇంకో ఎడమచుట్టు నత్త కోసం వెతికారు. దొరికింది, 2017లో జెరెమీ చనిపోయేలోపు పిల్లలూ పుట్టాయి, అన్నీ కుడిచుట్టువే.

హవాయి చెట్ల నత్తలది ఇంకా దిగులు కథ. అకటినెల్లా అనే ఆ జాతులు గుడ్లు కుప్పలుగా పెట్టవు, ఒక్కొక్క పిల్లని కంటాయి, ఈడుకు రావడానికే ఏళ్ళు పడుతుంది. ఆఫ్రికా నత్తని తినేస్తుందని 1955లో అక్కడికి ఒక వేటాడే నత్తని తెచ్చి వదిలారు. అది ఆఫ్రికా నత్తని పట్టించుకోవడం మానేసి ఈ చిన్నవాటి మీద పడింది. నెలల్లో ఈడుకొచ్చి వందల గుడ్లు పెట్టేదానికి వేటగాడు లెక్కా? ఏటా ఒకటో రెండో కనేవి మాత్రం తుడిచిపెట్టుకుపోయాయి. వాటిలో ఒక జాతికి చివరి నత్త జార్జ్, ఉభయలింగే, అయినా జత దొరక్క 2019 జనవరి 1న చనిపోయింది. ఎవరైనా మీకు 'ఫలానా పురుగు తెచ్చి వదలండి, నత్తల్ని తినేస్తుంది' అని సలహా ఇస్తే జార్జ్‌ని గుర్తుచేసుకోండి.

ఇక మీ పెరడు. ఏరివేతకి అందరూ వాన పడ్డాక మొదలుపెడతారు. నేను రోహిణి కార్తెలో మొదలుపెడతాను. ఎండాకాలం ఇవి ఇటుకల కుప్పల్లో, గోడ నెర్రెల్లో, చెట్టు మొదళ్ళలో, రాళ్ళ కింద గుల్ల నోటికి తెల్లటి సున్నపు తెర కట్టుకుని నిద్రపోతాయి. ఆ నిద్రలో ఉన్నవాటిలో చాలావాటి దగ్గర పోయిన ఏటి బీజం భద్రంగా ఉంది. మొదటి వాన పడితే లేచి, తిని, గుడ్లు పెట్టడమే తరువాయి. ఆ సమయంలో ఒక్కోటి తీసేస్తే ఆషాఢంలో వందేసి గుడ్లు తీసేసినట్టే. పగటిపూట, కదలకుండా, జిగురు లేకుండా దొరుకుతాయి, ఇంకేం కావాలి. ఇటుకల కుప్ప కదిపేటప్పుడు తేళ్ళు చూసుకోండి.

వానలు మొదలయ్యాక సాయంత్రం చీకటి పడుతుండగా తడిపిన గోనె సంచులు పరిచి, వాటి కింద బొప్పాయి ఆకులో క్యాబేజీ ఆకులో వేయండి, తెల్లవారుజామున వెళ్ళి సంచి ఎత్తండి. సైజు చూడకుండా అన్నిటినీ ఏరండి. గోరంత పిల్ల కూడా కార్తీకమాసం దాటేసరికి కుర్రదవుతుంది. చేతులకి గ్లవ్సో పాలిథిన్ కవర్లో తప్పనిసరి. ఎలుక ఊపిరితిత్తుల్లో ఉండే ఒక సన్న పురుగు పిల్లదశలో ఈ నత్తల్లో పెరుగుతుంది, అది మనిషి ఒంట్లోకి పోతే మెదడు పొరల వాపు వస్తుంది. ఎలుక పెంటికలు తిన్న ఏ నత్తకైనా, పిల్లదానికైనా పెద్దదానికైనా ఇది అంటుతుంది. అబ్బాయి బకెట్ ముచ్చట ఇక చాలించమనండి, పెరటి తోటకూర, గోంగూర బాగా కడిగి ఉడికించి తినండి. చెరువు నత్తలాగే ఉంటుందిలే అని దీన్ని కూర వండే ప్రయోగాలు కూడా వద్దు.

ఏరినవాటిని రోడ్డు మీదో కాలవలోనో పారేయకండి, మీ పీడ పక్కవాళ్ళకి ఇచ్చినట్టే. బాగా ఉప్పు కలిపిన నీళ్ళ బకెట్లో వేసి, చచ్చాక లోతుగా గుంట తీసి పూడ్చండి. ఉప్పుని పాదుల్లో చల్లితే నత్త కన్నా ముందు మొక్క చస్తుంది. తొక్కి వదిలేయడం కూడా మంచిది కాదు, ముదురు నత్త కడుపులో అప్పటికే పెంకు కట్టిన గుడ్లు ఉంటే అవి మట్టిలోకి జారతాయి. గుడ్ల కుప్ప కనపడితే మట్టితో సహా ఎత్తి మరుగుతున్న నీళ్ళల్లో వేయండి. మెటాల్డిహైడ్ గుళికలు దొరుకుతాయి, పనిచేస్తాయి, కానీ కుక్కలూ కోళ్ళూ తింటే చస్తాయి, మీ ఇంట్లో కుక్క ఉందన్నారు కాబట్టి నేనైతే వాడను. పైగా గుళికలు మట్టిలో ఉన్న గుడ్డుని ఏమీ చేయవు. ఒకసారి చల్లి 'అయిపోయింది' అని చేతులు దులుపుకుంటే పదిహేను రోజులకి కొత్త పిల్లలు దిగుతాయి.

ఇవి మీ పెరట్లోకి ఎలా వచ్చుంటాయో కూడా ఆలోచించండి. మా దొడ్లోకి ఒక నర్సరీ నుంచి తెచ్చిన మామిడి అంటు సంచిలో వచ్చాయి. సంచి విప్పితే వేళ్ళ మధ్య సగ్గుబియ్యం పూసలు, నేనే చూసి కూడా ఎరువు గుళికలు అనుకున్నాను. అంతా జువాలజీ చదివి చివరికి ఇదీ. అప్పటి నుంచి ఏ మొక్క తెచ్చినా సంచి చింపి, మట్టి విదిలించి చూశాకే నాటుతున్నాను.

ఎన్నాళ్ళు ఏరాలి అంటారా. బీజం ఏడాది పైన నిలవుంటుంది, ఈ ఏడు పుట్టిన పిల్ల వచ్చే ఏడు గుడ్లు పెడుతుంది, కాబట్టి కనీసం రెండు వానాకాలాలు, వాటితోపాటు రెండు రోహిణి కార్తెలు. మొదటి ఏడు బస్తాలు నిండుతాయి, రెండో ఏడు వెతుక్కోవాల్సి వస్తుంది, అప్పుడే అందరూ మానేస్తారు. మీరు మానకండి, పక్కింటివాళ్ళని కూడా కలుపుకోండి, ప్రహరీ గోడ నత్తకి అడ్డు కాదు. బకెట్లో పెట్టిన ఆ గుడ్లు ఇంకా ఉన్నాయా? రాసి వారం దాటింది. ముందు లేచి నీళ్ళు మరగబెట్టండి.